సమాధానము, ప్రాయశ్చిత్తము, క్షమాపణ: మన ప్రసంగాలలో మూడు మాటల పరిస్థితి

పాపమును గూర్చి, పాపికి దేవునితో కలిగే ఐక్యతను గూర్చి తెలుగులో బోధించేవారికి మూడు మాటలు లేకుండా ప్రసంగము సాగదు. అవి సమాధానము, ప్రాయశ్చిత్తము, క్షమాపణ. ఈ మూడింటినీ మిషనరీలు కల్పించలేదు. సువార్త తెలుగు దేశానికి రాకముందే వీటికి సంస్కృతములోను, జనుల వాడుకలోను స్థిరమైన అర్థాలున్నాయి. 1812లో సెరంపూరులో మొదటి తెలుగు సువార్తలు అచ్చయిన కాలము నుండి అనువాదకులు ఇలాంటి మాటలనే తీసుకొని, వాటికి కొత్త పని అప్పగించారు. అనువాదమంటే అదే. గ్రీకు నూతన నిబంధన కూడ అన్యుల గుళ్లలోను, సంతలలోను వాడిన మాటలతోనే వ్రాయబడింది.

ఈ వ్యాసము ఆ అనువాదకులను తప్పుపట్టడానికి వ్రాసినది కాదు. వారు ఆ మాటలపై ఉంచిన భారమును మన ప్రసంగములు మోస్తున్నాయా అన్నదే ఇక్కడి ప్రశ్న. నా పరిశీలన క్లుప్తంగా ఇది: ఈ మూడు మాటలూ బోధలో క్రమక్రమంగా తమ పాత వాడుక వైపుకు జారిపోతున్నాయి. అవి జారిన ప్రతిసారి పాపి మిగులుతున్నాడు, దేవుడు మిగులుతున్నాడు. ఆ పాపము వలన నష్టపోయిన మనిషి మాత్రము కనబడకుండా పోతున్నాడు.

1. సమాధానము

ఈ మాటకు వాడుకలో మూడు అర్థాలున్నాయి. ప్రశ్నకు చెప్పే జవాబు మొదటిది. మనసుకు కలిగే నెమ్మది రెండవది. విరోధులు తిరిగి కలిసికొనడము మూడవది. మన పాత అనువాదములో ఈ మూడూ కనబడతాయి. 1 పేతురు 3:15లో హేతువు అడిగినవానికి విశ్వాసి చెప్పవలసినది సమాధానము. రోమా 5:1లో ఐరేనే అనే గ్రీకు మాటకు సమాధానము. అదే అధ్యాయము 10, 11 వచనాలలో కటలాస్సో, కటలాగే అనే మాటలకు కూడ సమాధానమనే మాటనే ఆధారము చేసికొన్నారు.

ఐరేనే, కటలాగే ఒకదానికొకటి దగ్గరివే గాని ఒకటి కావు. కటలాస్సో అనే క్రియకు మూలము మార్చుట, మార్పిడి చేయుట. శత్రుత్వమును స్నేహముగా మార్చుటకు గ్రీకులు దీనిని వాడేవారు. కాబట్టి ఇద్దరు లేనిదే ఈ మాట లేదు, వారి మధ్య జరిగిన చెడుగు లేనిదే కూడ ఈ మాట లేదు. ఐరేనే ఆ మార్పు తరువాత కలిగే స్థితి. తెలుగులో రెండింటికీ ఒకే మాట రావడంతో, మార్పును విడిచిపెట్టి స్థితిని మాత్రమే బోధించడము సులభమైంది.

అది ఎటు జారిందో కూడ చూడవచ్చు. వేదాంత గ్రంథాలలో సాధకునికి ఉండవలసిన ఆరు గుణాలు చెప్పబడ్డాయి: శమము, దమము, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానము. అక్కడ సమాధానమంటే చిత్తము ఒక్కచోట నిలుచుట. అది ఒంటరిగా సాధించవలసినది, దానికి ఎదుటివానితో పని లేదు. ఇంటిలో వాడే మాట కూడ ఇటువంటిదే. కష్టములో ఉన్నవారితో, మనసు సమాధానపరచుకో అంటాము. అంటే పరిస్థితి మారదు, నీవే సర్దుకో అని. మన కూటములలో సమాధానమును గూర్చిన ప్రసంగాలు ఎక్కువగా ఈ అర్థములోనే నడుస్తున్నాయి. ఆందోళన పోవుట, నిద్ర పట్టుట, ఇంటిలో నెమ్మది కలుగుట, ఇవన్నీ మంచివే. అయితే రోమా 5:10లో అపొస్తలుడు చెప్పేది ఆందోళన పడేవారిని గూర్చి కాదు, శత్రువులను గూర్చి.

అనువాదకులకు ఇక్కడ న్యాయము చేయాలి. 2 కొరింథీయులకు 5:18-20లో వారు ఎంచుకొన్న క్రియారూపాలు ఎంతో జాగ్రత్త గలవి. యూదుల గ్రీకు గ్రంథమైన 2 మక్కబీయులలో దేవుడు జనుల మీద కోపము విడిచి వారితో సమాధానపడతాడు. అంటే మారేవాడు దేవుడు. పౌలు ఈ వాడుకను త్రిప్పివేశాడు. అతని పత్రికలలో సమాధానపరచేవాడు ఎప్పుడూ దేవుడే, సమాధానపరచబడేది మనుష్యులే. తెలుగులో సమాధానపరచుకొను అనే క్రియలోని పరచు ఆ పని దేవునిదని, కొను ఆయన తన కొరకే దానిని చేసెనని చెబుతున్నాయి. మనుష్యులకు వచ్చేసరికి అది సమాధానపడుడి అయింది. వ్యాకరణము వేదాంతమును ఇంత చక్కగా మోసిన చోట, ప్రసంగము దానిని మనశ్శాంతిగా కుదించడము విచారకరము.

ఈ కుదింపు ఎవరిమీద భారముగా పడుతుందో 1 కొరింథీయులకు 7:11 చూపిస్తుంది. భర్తను ఎడబాసిన స్త్రీకి పౌలు అక్కడ రెండు మార్గాలు చెప్పాడు: పెండ్లి లేకుండ ఉండుట, లేక భర్తతో సమాధానపడుట. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన స్త్రీకి ఆలోచన చెప్పేటప్పుడు మొదటి మార్గమును మింగివేసి, రెండవదానిని సర్దుకుపో అనే అర్థములో చెప్పడము వచనమునకు చేసే అన్యాయము. అక్కడున్నది కటలాస్సో అనే మాటే. శత్రుత్వము మారకుండ ఆ మాటకు అర్థము లేదు. కొట్టే చెయ్యి ఆగకముందే ఆమెను తిరిగి పంపితే, సమాధానమనే పేరుతో మనము అప్పగించేది ఆమెనే.

2. ప్రాయశ్చిత్తము

లేవీయకాండములోని కిప్పేర్ అనే హెబ్రీ మాటకు మన అనువాదము ప్రాయశ్చిత్తమును ఎంచుకొన్నది. నూతన నిబంధనలో దానికి సంబంధించిన గ్రీకు మాటల కుటుంబానికి మాత్రము తెలుగులో ఒకే మాట లేదు. హిలాస్టేరియోన్ రోమా 3:25లో కరుణాధారము, హెబ్రీయులకు 9:5లో కరుణాపీఠము. హిలాస్మోస్ 1 యోహాను 2:2లో శాంతికరము, అదే పత్రిక 4:10లో ప్రాయశ్చిత్తము. హెబ్రీయులకు 2:17లో పరిహారము. లూకా 18:13లో సుంకరి చేసిన ప్రార్థనలో కరుణించుట.

ఒకే పత్రికలో ఒకే మాటకు రెండు అనువాదాలు రావడము చిన్న సంగతి కాదు. శాంతికరమంటే కోపము చల్లారుట. ప్రాయశ్చిత్తమంటే దోషము తొలగుట. ఇరవయ్యవ శతాబ్దములో సి. హెచ్. డాడ్ 1931లో ప్రచురించిన వ్యాసములో, ఈ గ్రీకు మాటలు బైబిలులో దోషము తొలగుటనే సూచిస్తాయని వాదించాడు. లియోన్ మోరిస్ 1955లో వెలువడిన తన గ్రంథములో, దేవుని ఉగ్రతను ప్రక్కన పెట్టి ఈ మాటలను అర్థము చేసికొనలేమని బదులిచ్చాడు. ఈ ఇద్దరి పక్షాలూ వారికంటె ఎంతో ముందే తెలుగు 1 యోహాను పత్రికలో ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచి ఉన్నాయి. తెలుగు చదువరి ఈ రెండింటినీ కలిపి చదివితే నష్టము లేదు, లాభమే. కాని రెండూ ఒకే గ్రీకు మాట అని బోధకుడు చెప్పకపోతే ఆ లాభము అతనికి అందదు.

అసలు చిక్కు ప్రాయశ్చిత్తమనే మాట వెంట వచ్చే అలవాటులో ఉన్నది. ధర్మశాస్త్రములో ప్రాయశ్చిత్తము పాపము చేసినవాడు తానే చేసికొనే క్రియ: ఉపవాసము, దానము, వ్రతము. మనుస్మృతి 11వ అధ్యాయము వాటిని వరుసగా చెబుతుంది. దొంగిలించినది తిరిగి ఇవ్వాలన్న నియమము అందులోను ఉన్నది, దానిని కాదనకూడదు. కాని నరహత్యకు చెప్పిన ప్రాయశ్చిత్తము చచ్చినవాని వర్ణమును బట్టి తగ్గుతూ వస్తుంది. బ్రాహ్మణహత్యకు చెప్పినదానిలో క్షత్రియునికి నాలుగవ వంతు, వైశ్యునికి ఎనిమిదవ వంతు, శూద్రునికి పదహారవ వంతు. లేవీయకాండము 4, 5 అధ్యాయాలలోను బలులు తేడాగానే ఉన్నాయి. అయితే అక్కడ తేడా పాపము చేసినవాని పదవిని, స్తోమతను బట్టి కలిగినది. అధికారికి ఒక విధము, సామాన్యునికి ఒక విధము, బీదవానికి గువ్వలు, మరీ బీదవానికి పిండి. నష్టపోయినవాని పుట్టుకను బట్టి ఆ బలి విలువ తగ్గదు.

తెలుగు సంఘములో చాలామంది పూర్వీకులు ఆ పదహారవ వంతు కూడ దక్కని స్థానములో నిలువబడినవారు. కనుక ప్రాయశ్చిత్తమనే మాటను మనము సిలువకు వాడినప్పుడు రెండు సంగతులు చెప్పి తీరాలి. ఇది పాపి తానే చేసికొనే క్రియ కాదు, 1 యోహాను 4:10 ప్రకారము దేవుడే తన కుమారుని పంపి చేసినది. ఇంకొకటి, దీనిలో గాయపడినవాని విలువకు తూకము లేదు.

3. క్షమాపణ

మూడవ మాట మన కళ్లముందే అర్థము మార్చుకొంటున్నది. పత్రికలో ఒక నాయకుడు క్షమాపణ చెప్పాలని డిమాండ్ అని చదివినప్పుడు, క్షమాపణ అంటే తప్పు చేసినవాడు పలికే మాట. సంఘములో పాపక్షమాపణ అన్నప్పుడు, అది నష్టపోయినవాడు ఇచ్చే వరము. ఒకే మాట రెండు ఎదురు దిక్కులకు చూస్తున్నది. ఇది నేటి పత్రికల తప్పు కూడ కాదు. సంస్కృతములో క్షమాపణమంటే క్షమించుమని వేడుకొనుటే. అపరాధ క్షమాపణ స్తోత్రాలు ఆ అర్థములోనే ఉన్నాయి. క్షమించుట అనే అర్థమును దీనికి స్థిరపరచినది మన బైబిలు వాడుక.

నేటి యౌవనస్థుడు ఈ మాటను పత్రిక అర్థములోనే మొదట వింటాడు. అతనికి పాపక్షమాపణ అంటే దేవునికి ఒక మాట చెప్పుట, అంతటితో పని ముగియుట. ఒప్పుకోలు ప్రార్థన తరువాత, అయిపోయింది అనే భావము సంఘాలలో ఎంత సులభముగా పుడుతుందో కాపరులకు తెలుసు. గ్రీకులో ఆఫెసిస్ అలాంటిది కాదు. లూకా 4:18లో చెరపట్టబడినవారికి కలిగే విడుదల కూడ ఈ మాటే. మత్తయి 6:12లో ప్రభువు నేర్పిన ప్రార్థన దానిని అప్పు భాషలో చెప్పింది: ఋణము, ఋణస్థుడు. తెలుగువానికి ఇంతకంటె బాగా అర్థమయ్యే పోలిక లేదు. అప్పు రద్దయినదంటే ఎవరో ఒకరు దానిని భరించారు. నోటు చింపివేసిన రోజున ఆ సొమ్ము గాలిలో కలిసిపోదు, ఇచ్చినవాని ఇంటికి లోటుగా చేరుతుంది. క్షమాపణకు ధర ఉన్నదని, దానిని దేవుడు సిలువలో భరించాడని చెప్పడానికి మనకు ఋణమనే మాట చాలు. ఆ ధర చెప్పకుండ క్షమాపణను మాత్రము పంచితే, అది బోన్‌హోఫర్ 1937లో చౌకబారు కృప అని పిలిచినదే అవుతుంది.

4. మాట మారితే సంఘ ఆచారము మారుతుంది

ఇది వట్టి నిఘంటువు చర్చ అని తీసివేయకూడదు. సంఘచరిత్రలో దీనికి సాక్ష్యమున్నది. లాటిను వల్గేటులో మత్తయి 4:17లోని మెటానోయియా పిలుపు, ప్రాయశ్చిత్తము చేయుడి అని ధ్వనించే మాటలలో అనువదించబడింది. దాని చుట్టు శతాబ్దాలపాటు ఒక ఆచారము పెరిగింది. ఎరాస్మస్ 1516లో గ్రీకు నూతన నిబంధనను అచ్చువేసిన తరువాత పండితులు మూలమును తిరిగి చూచారు. 1517లో లూథరు వ్రాసిన తొంభైఐదు ప్రతిపాదనలలో మొదటి రెండు ఈ వచనమును గూర్చినవే. విశ్వాసి బ్రతుకంతా మారుమనస్సేనని, దానిని గురువు యొద్ద జరిగే సంస్కారమునకు కుదించకూడదని అతడు వాదించాడు.

ఇంగ్లీషులో కూడ ఇటువంటిదే జరిగింది. టిండేలు 1526లో రోమా 5:11లోని కటలాగేకు అటోన్‌మెంట్ అని వ్రాశాడు. ఒకటిగా ఉండుట అనేది ఆ మాటకు మూలార్థము. 1611 నాటి అనువాదము దానిని నిలిపింది. కాలక్రమమున ఆ మాట అర్థము పరిహారము వైపుకు జరిగిపోవడంతో, 1881లో సవరించినవారు ఆ చోట రికన్సిలియేషన్ అనే మాటను పెట్టారు. ఆ సవరణ మూలమునకు చేసిన ద్రోహము కాదు, మూలము కొరకు చేసిన పని. మన పాత అనువాదము మీద ప్రేమ ఉన్నవారు కూడ ఇంతమాత్రము ఒప్పుకొనవచ్చు: మాట మారనక్కరలేదు గాని, దాని వివరణ తరతరానికి మారాలి.

5. మరుగైనవాడు

ఇప్పుడు మూడు జారుడులను కలిపి చూద్దాము. సమాధానము మనశ్శాంతి అయింది. ప్రాయశ్చిత్తము నాకును దేవునికిని మధ్య లెక్క అయింది. క్షమాపణ నేను పలికే మాట అయింది. ఈ మూడింటిలో నేను మోసము చేసిన సహోదరునికి చోటెక్కడ?

లేఖనములో అతనికి చోటున్నది. లేవీయకాండము 6:1-7 ప్రకారము పొరుగువానిని మోసగించినవాడు మొదట ఆ సొమ్మును, దానిమీద అయిదవ వంతును కలిపి అతనికి ఇచ్చుకోవాలి. తరువాతనే అపరాధ పరిహారార్థబలి. సంఖ్యాకాండము 5:5-8 ఇంకొక అడుగు వేస్తుంది. నష్టపోయినవాడు లేకపోయినా, పుచ్చుకొనే బంధువు లేకపోయినా ఆ సొమ్ము పాపికి మిగలదు. మిష్నాలోని యోమా గ్రంథము 8:9, మనిషికి మనిషికి మధ్య జరిగిన పాపమును ప్రాయశ్చిత్త దినము కూడ తీసివేయదని, మొదట ఎదుటివానిని సముదాయించాలని బోధిస్తుంది. మత్తయి 5:23, 24లో ప్రభువు బలిపీఠము నుండి వెనుకకు పంపినది కూడ ఈ దారిలోనే. అక్కడ జ్ఞాపకము రావలసినది నాకు ఎవరిమీద కోపమున్నదో అన్న సంగతి కాదు, ఎవరికి నామీద ఫిర్యాదు ఉన్నదో అన్నది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు చంపబడ్డారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది. ఇటువంటి ఊళ్లలో సమాధానమని బోధించేవాడు ఎవరికి ఏమి బోధిస్తున్నాడో తెలిసి బోధించాలి. కారంచేడు జరిగిన ఏడాదే, సెప్టెంబరు నెలలో, వర్ణవివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికాలో కొందరు వేదాంతులు కైరోస్ పత్రమును వెలువరించారు. అన్యాయము అలాగే నిలిచి ఉండగా సమాధానమును ఒక సూత్రముగా చేసి, అన్ని సందర్భాలకు దానినే ఔషధముగా ఇచ్చే సంఘ బోధను ఆ పత్రము ఖండించింది. అంతకు ముందు 1980లో మెల్‌బోర్న్ మిషను మహాసభలో హాంకాంగ్‌కు చెందిన రేమండ్ ఫంగ్, మనుష్యులు పాపము చేసేవారే కాక పాపమునకు గురియైనవారు కూడ అని, సువార్త ఈ రెండవ సంగతిని మరచిపోయిందని గుర్తుచేశాడు. తెలుగు ప్రసంగ వేదిక మీద ఈ రెండు మాటలకూ నేటికీ చోటు తక్కువే.

6. ఒక అభ్యంతరము

నష్టపరిహారమును, ఎదుటివాని అంగీకారమును ఇలా కలిపితే కృప క్రియలుగా మారదా? ఈ ప్రశ్న సరియైనది, దీనిని దాటిపోకూడదు. జక్కయ్య కథలో వరుసను చూడండి. అతడు నాలుగంతలు తిరిగి ఇస్తానని చెప్పిన తరువాత ప్రభువు అతని ఇంటికి వెళ్లలేదు. ప్రభువు ముందు వెళ్లాడు, మాట తరువాత వచ్చింది. తిరిగి ఇచ్చుట కృపకు చెల్లించిన వెల కాదు, కృప వచ్చిన ఇంటిలో పుట్టిన ఫలము. అయితే ఫలమే లేకపోతే, ఆ ఇంటికి వచ్చినది ఏమిటని ఊరివారు అడుగుతారు. మోసపోయినవారు ఆ ఊరిలోనే ఉన్నారు గదా.

క్షమించుటకును సమాధానపడుటకును గల భేదము కూడ ఇక్కడ సహాయపడుతుంది. క్షమించుట ఒకవైపు నుండే జరుగవచ్చు. మనమింకను పాపులమై ఉండగానే క్రీస్తు మన కొరకు చనిపోయెనని రోమా 5:8 బోధిస్తుంది. సమాధానము రెండువైపుల పని. దేవుడు లోకమును తనతో సమాధానపరచుకొన్న సంగతిని 2 కొరింథీయులకు 5:19లో చెప్పిన వెంటనే, తరువాతి వచనములో అపొస్తలుడు సమాధానపడుమని బతిమాలుతున్నాడు. దేవుని కార్యమే ఎదుటివాని స్పందన కొరకు కనిపెట్టుచుండగా, గాయపడిన సహోదరిని, నీవు క్షమించావు గనుక ఇక అంతా సరియైనట్టే అని తొందరపెట్టుటకు మనకు అధికారమెక్కడిది?

7. ప్రసంగికునికి

ఊళ్లో పగ ఉన్నదనడానికి, వారికి మాటల్లేవు అంటాము. పగ పోయిందనడానికి, మాటలు కలిశాయి అంటాము. ఆదికాండములో యోసేపు కథను ఈ తెలుగు చెవితో చదివితే ఎంతో తేటపడుతుంది. 37:4లో అన్నలు అతని క్షేమము కూడ అడుగలేకపోయారు. 45:15లో, ఏడ్పులు, ముద్దులు అయిన తరువాత, వారు అతనితో మాటలాడారు. ఈ రెంటికీ మధ్య 44వ అధ్యాయములో యూదా నిలువబడి, తమ్మునికి బదులుగా తానే దాసుడుగా ఉంటానన్నాడు. ఒకప్పుడు తమ్ముని అమ్మజూపినవాడు అతడే. ఆ మార్పు కనబడిన తరువాతనే యోసేపు తన్నుతాను తెలియజేసికొన్నాడు.

సమాధానమనే మాటకు జవాబు అనే అర్థము కూడ ఉన్నదని మొదట చెప్పుకొన్నాము. దానిని ప్రక్కన పెట్టనక్కరలేదు. ఆదికాండము 4:9లో దేవుడు కయీనును, నీ తమ్ముడెక్కడ అని అడిగాడు. కయీను జవాబు చెప్పలేదు, తప్పించుకొన్నాడు. సమాధానము చెప్పనివానికి సమాధానము లేకపోవుట, మన భాష దానంతట అదే నేర్పుతున్న పాఠము. ఈ మూడు మాటలనూ మనము విడువనక్కరలేదు. సమాధానమును బోధించిన ఆదివారము, ఎవరితో అని అడుగుదాము. ప్రాయశ్చిత్తమును బోధించినప్పుడు, చేసినది ఎవరు అని చెబుదాము. క్షమాపణను బోధించినప్పుడు, దాని ధర ఎవరు భరించారో, ఇంకా ఎవరు భరిస్తున్నారో చూపిద్దాము. ప్రభురాత్రి భోజనపు బల్లకు ముందు ఒప్పుకోలు ప్రార్థన చేయించే కాపరి, ఆ వారములోనే ఒక సభ్యుని మరొక సభ్యుని గుమ్మమునకు పంపవలసి రావచ్చు. మత్తయి 5:24 ప్రకారము, అర్పణ అంతవరకు బలిపీఠము ఎదుట కనిపెట్టవచ్చు.